పాలించు నియమము, పాలకుని శీలము

పదిమంది మనుష్యులు కలిసి ఒక పని చేయవలసి వచ్చినపుడెల్ల ఒక పురాతన ప్రశ్న తలయెత్తును. ఆ పదిమందిని నడపవలసినది నియమమా, నాయకుని శీలమా? నియమమే చాలునన్నచో నాయకుడెవ్వడైనను ఒకటే కావలెను. శీలమే చాలునన్నచో ఆ నాయకుడు కన్నుమూసిన మరునాడు సంస్థ గతి యేమి? కర్మాగారము మొదలు విద్యార్థి వసతిగృహము వరకు, బ్యాంకు మొదలు మఠము వరకు, పలువురి శ్రమను ఒక చోట కూర్చు ప్రతి సంస్థయు ఈ ప్రశ్నకు ఏదో యొక సమాధానము చెప్పుచునే యున్నది. నోటితో చెప్పకున్నను నడవడిలో చెప్పుచున్నది.

ఈ ప్రశ్నను నూరేండ్లకు పైగా మిక్కిలి తీవ్రముగా ఎదుర్కొన్న దేశము చైనా. ఆ దేశమునకు ఒక వంక రెండువేల అయిదువందల ఏండ్ల నాటి ధర్మచింతన కలదు. మరొక వంక పడమటి నుండి యంత్రములు వచ్చినవి, వాని వెంట సంస్థలను నడపు శాస్త్రమును వచ్చినది. ఈ రెంటిని కలుపుట సాధ్యమా? సాధ్యమైనచో ఏది మంచి కలయిక, ఏది చెడ్డ కలయిక? ఇది పండితుల వాదము మాత్రమే కాదు. ఆ కలయిక మంచిదైనచో పనివాని బ్రతుకు తేలికపడును. చెడ్డదైనచో వాని వీపుపై రెండు బరువులు పడును.

పాశ్చాత్య నిర్వహణ శాస్త్రమునకు ఆద్యులుగా ముగ్గురిని చెప్పుట వాడుక. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రములను గ్రంథముగా వెలువరించెను. గనుల సంస్థను నడపిన ఫ్రెంచివాడు హెన్రీ ఫేయోల్ 1916లో పాలనకు 14 సూత్రములను చెప్పెను. జర్మన్ పండితుడు మాక్స్ వెబర్, తన మరణానంతరము 1922లో వెలువడిన గ్రంథమున, అధికారము వ్యక్తికి కాక పదవికి చెందునట్టియు, ఆ పదవికి హద్దులు వ్రాతలో నుండునట్టియు పాలనా విధానమును విశదీకరించెను.

ఈ చింతనలోని మేలును తక్కువ చేయరాదు. నియమము వ్రాతలో నున్నపుడు యజమాని ముఖము చూచి బ్రతుకవలసిన పని తగ్గును. పదవి పరీక్షను బట్టి వచ్చునపుడు బంధువర్గము లేనివాడును పైకి రాగలడు. లెక్క పుస్తకములో నున్నపుడు కోశాధికారి మాటకు సాక్ష్యము కలుగును. దిక్కులేనివానికి నియమమే దిక్కు.

కాని దీనికి రెండవ ముఖము కలదు. టేలర్ తానే చెప్పుకొన్న ఉదాహరణమును చూడుడు. బెత్లెహాం ఉక్కు కర్మాగారమున ఒక కూలివాడు దినమునకు పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలు మోయుచుండగా, శాస్త్రీయ పద్ధతి చేత 47 టన్నులకు మించి మోసెను. వాని కూలి 1 డాలరు 15 సెంట్ల నుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగెను. అనగా మోత దాదాపు నాలుగు రెట్లైనది. కూలి రెండు రెట్లును కాలేదు. 1911లో వాటర్‌టౌన్ అను చోట ప్రభుత్వ ఆయుధ కర్మాగారమున, గడియారము చేతబట్టి తమ ప్రతి కదలికను కొలుచుటను సహింపలేక అచ్చు పోయు కార్మికులు పని విడిచి వెలుపలికి నడచిరి. ఆ వ్యవహారము అమెరికా కాంగ్రెసు విచారణకు వచ్చినది. 1915 నుండి ప్రభుత్వ ఆయుధశాలలలో అట్టి కొలతలకు ధనము వెచ్చింపరాదని నిధుల చట్టములలోనే నిషేధము చేర్చబడినది. మనిషిని చేతులుగా మాత్రమే చూచిన శాస్త్రమునకు ఆ చేతులే అడ్డు చెప్పినవి.

ఇక చైనా చింతనకు వత్తము. క్రీ.పూ. 551లో జన్మించిన కన్ఫ్యూషియస్ దృష్టిలో పాలన యనునది పాలకుని నడవడితో ఆరంభమగును. తాను సరిగా నుండని వాడు ఇతరులను సరిచేయజాలడు. ‘రెన్’ అను మానవత, ‘యి’ అను న్యాయబుద్ధి, ‘లీ’ అను మర్యాదాచారము, ఈ మూడును నాయకునిలో మొదట పండవలెను. లావోజీ పేర వెలసిన సంప్రదాయము మరొక అడుగు ముందునకు పోయి ‘వూ వెయ్’ అను భావమును చెప్పినది. అది సోమరితనము కాదు. వస్తువుల స్వభావమునకు విరుద్ధముగా బలవంతము చేయకుండుట. మంచి నాయకుడు తన ఉనికిని చాటుకొనడు, పని ముగిసినపుడు అది తమ ప్రజ్ఞయేయని జనులు తలంతురు అనునది ఆ మతము.

ఇంతమాత్రము విని, తూర్పునకు హృదయము, పడమటికి బుద్ధి అని పంచిపెట్టుట మనవారికిని పరవారికిని అలవాటైనది. ఆ పంపకము సత్యమునకు నిలువదు. క్రీ.పూ. 233లో మరణించిన హాన్ ఫే అను చైనా తత్త్వవేత్త, పాలకుడు మనుష్యుల మంచితనమును నమ్మి కూర్చుండరాదని, చట్టమును దండనమును బహుమానమును మాత్రమే నమ్మవలెనని బోధించెను. చిన్ రాజ్యము అట్టి బోధల పైననే నిలచి క్రీ.పూ. 221లో దేశమునంతను ఏకము చేసినది. ఆ సామ్రాజ్యము 15 ఏండ్లకే కూలిపోయినది. తరువాతి హాన్ వంశపు పాలన పైకి కన్ఫ్యూషియస్ ధర్మమును, లోపల చట్టవాదుల దండనీతిని ధరించెనని చరిత్రకారుల వ్యాఖ్య. పడమటి దేశములలోను ఒక్క గడియారమే లేదు. టేలర్ తరువాతి తరమున అమెరికాకు చెందిన మేరీ పార్కర్ ఫాలెట్ అను విదుషి, ఒకరి మీద చలాయించు అధికారమునకును ఒకరితో కలిసి పొందు శక్తికిని భేదము చూపి, ఆజ్ఞ వ్యక్తి నుండి కాక పరిస్థితి నుండి పుట్టవలెనని వాదించినది. కావున నియమవాదమును శీలవాదమును రెండు దిక్కులలోను కలవు. ఏ దేశము నుండి గ్రహించుచున్నామను విషయము కన్న, ఆ దేశములోని ఏ భావమును, ఎవరి మేలు కొరకు గ్రహించుచున్నామను విషయమే ముఖ్యము.

చైనాలో ఈ చర్చకు సూత్రరూపము నిచ్చినవాడు జాంగ్ జిదోంగ్ అను రాజప్రతినిధి. 1898లో వెలువడిన తన గ్రంథమున, చైనా విద్య మూలముగాను, పాశ్చాత్య విద్య ఉపయోగము కొరకును ఉండవలెనను మతమును బలపరచెను. దేహము మనది, పనిముట్టు వారిది అని దాని భావము. వినుటకు ఇది ఎంతయు సమంజసముగా తోచును. ఏ జాతికైనను తన ఆత్మను పోగొట్టుకొనక యంత్రమును సంపాదించుకొన వలెనను కోరిక సహజమే.

కాని ఆయన స్వయముగా స్థాపించిన హాన్యాంగ్ ఇనుము ఉక్కు కర్మాగారము ఈ సూత్రమునకు ఒక కఠిన పరీక్షయైనది. 1890 ప్రాంతమున దాని నిర్మాణము ఆరంభమైనది. బ్రిటను నుండి ఉక్కు కొలుములు తెప్పింపబడినవి. అయితే దాయే గనుల ఖనిజమున భాస్వరము అధికము. తెప్పించిన కొలుములలో అధికభాగము ఆ భాస్వరమును తొలగింపజాలనట్టివి. పోసిన ఉక్కుతో చేసిన రైలు పట్టాలు పెళుసులైనవి. 1904లో లీ వెయిగె అను ఇంజనీరును విదేశములకు పంపి, ఖనిజమును పరీక్ష చేయించి, తగిన కొలుములను మార్చుకొన్న పిమ్మట గాని మంచి ఉక్కు రాలేదు. పనిముట్టు ఓడలో వచ్చినది. కొనుటకు ముందు పరీక్షింపవలెను, పై అధికారి మాట కన్న ఖనిజము చెప్పు మాటను ముందు వినవలెను అను బుద్ధి ఓడలో రాలేదు. పాశ్చాత్య విజ్ఞానమునకు ఆ బుద్ధియే దేహము.

పాశ్చాత్య గ్రంథములను పెక్కింటిని చైనా భాషలోనికి తెచ్చిన యెన్ ఫూ 1902లో ఈ సూత్రమును ఖండించెను. ఎద్దు దేహమునకు బరువు మోయు గుణము కలదు, గుఱ్ఱపు దేహమునకు దూరము పరుగెత్తు గుణము కలదు. ఎద్దు దేహమును ఉంచుకొని గుఱ్ఱపు పరుగును కోరుట అసంగతమని ఆయన వాదము. ఇందు గొప్ప సత్యము కలదు. ప్రతి పద్ధతికిని దాని వెనుక ఒక ధర్మము ఉండును. లెక్క వ్రాయు పద్ధతి వెనుక సత్యసంధత కలదు. వ్రాతనియమము వెనుక పెద్దకు చిన్నకు ఒకే న్యాయమను సమతాభావము కలదు. ఆ ధర్మమును విడిచి పద్ధతిని మాత్రము తెచ్చుకొన్నవాడు ప్రాణము లేని దేహమును ఇంటికి తెచ్చుకొన్నట్లే.

అయినను యెన్ ఫూ ఉపమానమునకు ఒక హద్దు కలదు. మానవ సంప్రదాయములు పశువుల దేహముల వంటివి కావు, చెట్ల వంటివి. చెట్లకు అంటు కట్టవచ్చును. అంటుమామిడి కట్టువానిని గమనించినవారికి ఒక విషయము తెలియును. వాడు తెచ్చిన కొమ్మను మాత్రమే కోయడు; మొదలును కూడ చెక్కును. రెండు గాయములు ఒకదానినొకటి తాకిన చోటనే జీవరసము కలియును. ఒక్క దానినే కోసి రెండవ దానిని చెక్కుచెదరనీయక కట్టినచో కొమ్మ ఎండిపోవును. నియమమును శీలమును కలుపు విషయమునను ధర్మమిదియే. పడమటి పద్ధతి, పనివాడు కేవలము చేతులని తలచు భావమును కోసికొనవలెను. చైనా సంప్రదాయము, పెద్దవాని మాటకు ఎదురు లేదను భావమును కోసికొనవలెను. రెండు గాయములును లేని కలయిక కట్టు మాత్రమే, అంటు కాదు.

మంచి అంటునకు ఉదాహరణములు లేకపోలేదు. అమెరికాలో చదివి వచ్చిన మూ ఓచూ అను షాంఘై నూలు మిల్లుల యజమాని, టేలర్ గ్రంథమును అది వెలువడిన అయిదేండ్లకే, 1916లో, చైనా భాషలో ప్రచురింపజేసెను. తన మిల్లులలో క్రమబద్ధమైన లెక్కలను, నివేదికలను నెలకొల్పెను. 1920లో పెకింగ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు విదేశములలో చదువుటకు తన ధనము నిచ్చెను. సంపాదనలో లెక్క పడమటిది. సంపాదించినది ఏమి చేయవలెనను ఆలోచన తన దేశపు పండితవర్గపు ధర్మమునుండి వచ్చినది.

మన కాలమునకు దగ్గరైన ఉదాహరణము చింగ్‌దావ్ నగరములోని హైయర్ సంస్థ. 1984 డిసెంబరులో జాంగ్ రూయిమిన్ అనువాడు నష్టములలో మునిగిన ఒక రెఫ్రిజిరేటర్ల కర్మాగారమునకు అధిపతిగా వచ్చెను. కర్మాగారములో మలమూత్రవిసర్జన చేయరాదను నియమమును సైతము వ్రాసి అంటింపవలసిన స్థితి అది. 1985లో సరకును పరీక్షింపగా 76 యంత్రములలో లోపములు బయటపడినవి. ఒక్కొక్కటి కార్మికుని రెండేండ్ల జీతమునకు దాదాపు సమానమైన వెల గలది. వానిని తక్కువ వెలకు పనివారికే అమ్మివేయుదమని కొందరు సూచించిరి. జాంగ్ అంగీకరింపలేదు. చేసిన చేతులతోనే సమ్మెటలతో పగులగొట్టించెను. సంస్థ తన చరిత్రగా చెప్పుకొను ఈ కథలో మరొక అంశమును కలదు: ఆ లోపమునకు మొదటి బాధ్యత తనదని చెప్పి ఆయన తన ఆ నెల జీతమును కోసికొనెను. సమ్మెట దెబ్బను అందరు జ్ఞాపకముంచుకొందురు. నియమము తొలుత తన జీతము మీద పడుటయే అసలు అంటు. నాణ్యతకు హద్దు గీయుట పడమటి నియమము. ఆ గీత లోపల తాను మొదట నిలుచుట కన్ఫ్యూషియస్ శీలము.

లావోజీని చదివినట్టియు, పీటర్ డ్రకర్‌ను గురువుగా చెప్పుకొన్నట్టియు జాంగ్, 2005లో ‘రెన్ దాన్ హె యి’ అను విధానమును ఆరంభించెను. పని చేయువానిని, వాని పని వలన మేలు పొందు వాడుకరిని నేరుగా కలుపుట దాని ఉద్దేశము. పదివేలకు పైగా మధ్య అధికారుల పదవులు తొలగినవి. సంస్థ వేలకొలది చిన్న బృందములుగా విడిపోయినది. ఆ బృందములు తమ నిర్ణయములను తామే చేసికొనును. నాయకుడు కనబడకుండ పోవుటయే ఉత్తమ నాయకత్వమను ‘వూ వెయ్’ భావము ఇచట కార్యరూపము దాల్చినది. 2016లో ఈ సంస్థ అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణముల విభాగమును సుమారు 540 కోట్ల డాలర్లకు కొన్నది. అచటి పాలనను అమెరికనుల చేతిలోనే ఉంచినది. ఏ కూరగాయ రుచి దానికే మిగిలి, పైన వేయు రసము మాత్రము ఒకటిగా నుండు సలాడుతో జాంగ్ ఈ పద్ధతిని పోల్చెను. 2021లో ఆయన తానుగా పదవి నుండి వైదొలగెను.

దీనిని లోపము లేనిదిగా కొనియాడ నక్కర లేదు. ప్రతి పనివాడును తన బృందపు లాభనష్టములకు బాధ్యుడైనపుడు స్వేచ్ఛతో పాటు భయమును వాని పాలబడును. గెలిచిన బృందమునకు ఫలము వచ్చును. ఓడిన బృందము కరిగిపోవును. పెద్ద సంస్థ మోయవలసిన నష్టమును చిన్నవాడు మోయవలసి వచ్చునేమో యను ప్రశ్న మిగిలియే యున్నది. పదివేల పదవులు తొలగిన చోట పదివేల కుటుంబములు కలవని మరువరాదు.

చెడ్డ కలయిక ఎట్లుండును? దానికిని అదే దేశము ఉదాహరణమిచ్చినది. చైనాలోని పెక్కు సాంకేతిక సంస్థలలో ఉదయము 9 గంటల నుండి రాత్రి 9 గంటల వరకు, వారమునకు 6 దినములు పని చేయు వాడుక ప్రబలినది. దానినే ‘996’ అనిరి. అనగా వారమునకు 72 గంటలు. ఆ దేశపు 1994 నాటి కార్మిక చట్టము దినమునకు 8 గంటలని, వారమునకు సగటున 44 గంటలకు మించరాదని చెప్పుచున్నది. 2019 మార్చిలో కంప్యూటరు పనివారు గిట్‌హబ్ వేదికపై ఈ ఆచారమునకు నిరసన తెలిపిరి. ఆ ఏప్రిలులో అలీబాబా సంస్థాపకుడు జాక్ మా అట్టి అవకాశము ఒక భాగ్యమని పలికెను. విమర్శలు వచ్చిన పిదప, బలవంతముగా చేయించుట అమానుషమనియు చెప్పెను. 2021 ఆగస్టులో చైనా సర్వోన్నత న్యాయస్థానము, కార్మిక మంత్రిత్వశాఖ కలిసి ఈ పనివేళలు చట్టవిరుద్ధమని స్పష్టము చేసినవి.

ఈ వ్యవహారమును పరిశీలింపుడు. ఇందును రెండు చింతనలు కలిసియే యున్నవి. పడమటి నుండి గడియారము, లక్ష్యము, పోటీ తీసికొనబడినవి. ఆ గడియారమునకు హద్దు వేయు చట్టము విడువబడినది. చైనా సంప్రదాయము నుండి విధేయత, కుటుంబభావము, కృతజ్ఞత తీసికొనబడినవి; పెద్దవాడు చిన్నవానికి అచ్చియున్న ఋణము విడువబడినది. ఉభయత్ర ప్రబలునకు అనుకూలమైనది గ్రహింపబడినది, దుర్బలుని కాచునది త్యజింపబడినది. దీనిని సమన్వయమనుట భాషకు ద్రోహము.

ఫార్, చెంగ్ అను ఇద్దరు పండితులు చైనా సంస్థలలోని పితృతుల్య నాయకత్వమును శోధించి, 2000లో దానిని మూడు అంశములుగా విభజించిరి: అధికారము, దయ, శీలము. తరువాతి పరిశోధనలలో తేలిన దేమనగా, దయయు శీలమును పనివారిలో విశ్వాసమును పెంచుచుండగా, ఒట్టి అధికారము దానిని తగ్గించుచున్నది. తండ్రివంటివాడనని చెప్పుకొనుట సులభము. తండ్రి దండించును; కాని ముందు తాను పస్తుండి బిడ్డకు పెట్టును. ఆ రెండవ భాగము లేనివాడు తండ్రి కాదు, తండ్రి వేషము వేసిన యజమాని.

ఇచట మన పాఠకులకు ఒక మాట మనవి. కాయకము గౌరవప్రదమని, దాని ఫలము దాసోహమునకు చేరవలెనని వినుచు పెరిగిన కుటుంబములు మనవి. అందుచేతనే మనము మరింత జాగరూకులమై యుండవలెను. తన పనిని పూజ యనుకొనుటకు హక్కు పని చేయువానికి కలదు; వాని చేత పని చేయించుకొనువానికి లేదు. వంటశాలలో, వసతిగృహములో, విద్యాలయములో పని చేయువానికి రావలసిన జీతమును సేవ యను మాటతో తగ్గించినచో, ఆ క్షణమున పవిత్రమైన మాట లెక్కపుస్తకమును కప్పు వస్త్రమగును. అట్లే, నియమావళిలో లేదను ఒక్క మాటతో ఆపదలో నున్న పనివానిని గడప నుండి త్రిప్పిపంపినచో, లెక్కపుస్తకము హృదయమును కప్పు వస్త్రమగును. రెండును దోషములే.

కావున ఏ సంస్థయైనను తన కలయిక మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. మొదటిది: నియమము తొలుత ఎవరి మీద పడుచున్నది? క్రిందివాని మీద పడి పైకి వచ్చుసరికి ఆవిరియగు నియమము నియమము కాదు. రెండవది: కుటుంబము, సేవ, త్యాగము అను మాటలు లాభము పంచు దినమున కూడ వినబడుచున్నవా, శ్రమ పంచు దినమున మాత్రమే వినబడుచున్నవా? మూడవది: ఆ సంస్థలో అందరికన్న చిన్నవాడు పెద్దవానితో ‘ఇది సరికాదు’ అని చెప్పి, మరునాడు నిర్భయముగా పనికి రాగలడా? హాన్యాంగ్‌లో ఖనిజమును ముందుగా పరీక్షింపవలెనను మాటకు బలముండినచో పట్టాలు పెళుసులయ్యెడివి కావు.

మంచి నాయకుడు పోయిన పిదప ఏమగునను మొదటి ప్రశ్నకు సమాధానము ఇందే కలదు. శీలవంతుడైన నాయకుడు చేయవలసిన కడపటి సత్కార్యము, తనను కూడ బంధించు నియమమును వ్రాసి పోవుట. తన తరువాత శీలహీనుడు వచ్చినను ఆ నియమము చిన్నవానిని కొంతవరకైనను కాపాడును. అట్లే నియమమునకును శీలము కావలెను. ఏలయన వ్రాసిన ప్రతి నియమమును ఒకనాడు ఒక మనుష్యుడు చదివి, ఎదుట నిలిచిన మరొక మనుష్యునికి వర్తింపజేయవలసి యుండును. ఆ చదువువాని కన్నులలో దయ లేనిచో అక్షరము కత్తియగును. నియమము శీలమునకు ఆయువు. శీలము నియమమునకు కన్ను. ఈ రెంటిని వేరు చేయక నడపగలిగిన సంస్థలో తూర్పు పడమరల భేదము దానంతటనే సమసిపోవును.